పరిశోధన ఫలం పొలం చేరేదెలా?

* పత్రాల సంఖ్యే ప్రతిభకు కొలమానం
* వంగడం విడుదలతోనే తీరిపోతున్న బాధ్యత
* సాంబ మసూరి నేర్పుతున్న పాఠం

బాపట్ల: విశ్వవిద్యాలయాల్లో జరిగే పరిశోధన సమాజానికి అక్కరకు వచ్చినప్పుడే సార్థకమవుతుందనడంలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. దానిని ప్రజల ముంగిటికి చేర్చే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం నేటికీ స్పష్టమైన సమాధానం లభించడం లేదు. బాపట్లలో పుట్టి దక్షిణాది అంతటా పేరెన్నికగన్న సాంబ మసూరి వరి ఇందుకు చక్కని నిదర్శనం. ఈ వంగడం ఒకసారి శాస్త్రవేత్త క్షేత్రం నుంచి నేరుగా వంటింటికి చేరింది. అదే వంగడానికి తెగులును తట్టుకొనే శక్తిని జోడించినప్పుడు మాత్రం ఆ ఫలితం పొలం చేరడానికి ఏళ్లు గడిచినా సరిపోలేదు.

మార్కెట్టే దారి చూపింది

బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో ఏర్పడింది. ఇక్కడ రూపొందిన బి.పి.టి. 5204 రకం 1986లో సాంబ మసూరి పేరిట విడుదలైంది. గింజ సన్నం, అన్నం రుచికరం. వినియోగదారులు మెచ్చారు, మిల్లర్లు మంచి ధర పెట్టారు, రైతులు ఆదరించారు. పంటకాలం దాదాపు ఐదు నెలలైనా, తెగుళ్లకు సులభంగా లొంగిపోతున్నా మార్కెట్‌లోని గిరాకీ ముందు ఈ లోపాలు లెక్కకు రాలేదు. వరిలో తాను పండించిన గింజనే రైతు మరుసటి ఏడాదికి విత్తనంగా దాచుకోగలగడం, పొరుగువారికి ఇవ్వగలగడం కూడా కలిసివచ్చింది. 1982లో మార్టేరు నుంచి వచ్చిన స్వర్ణ రకం వ్యాప్తికీ రైతుల ఆదరణే ఊపిరి.

మందుకు లొంగని తెగులు

సాంబ మసూరిని పీడించే వాటిలో బ్యాక్టీరియా ఎండాకు తెగులు ముఖ్యమైనది. ఈదురుగాలులతో కూడిన వానలకు ఇది పొలమంతా పాకుతుంది. నత్రజని ఎరువు మోతాదు మించితే మరింత విజృంభిస్తుంది. దీనిని సమర్థంగా అరికట్టే రసాయన మందు లేకపోవడంతో రైతు మందుల దుకాణంలో పెట్టిన ఖర్చు చాలావరకు వృథా అవుతుంది.

దీనికి పరిష్కారంగా హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంచాలనాలయం (నేటి భారతీయ వరి పరిశోధన సంస్థ), సీసీఎంబీ కలిసి కృషి చేశాయి. తెగులును తట్టుకొనే మూడు జన్యువులను సంప్రదాయ సంకర పద్ధతిలోనే, జన్యు గుర్తుల సాయంతో సాంబ మసూరిలోకి చేర్చాయి. ఇలా మెరుగుపరచిన రకం 2008లో విడుదలైంది. అయినా పాత బి.పి.టి.ని అది నేటికీ పూర్తిగా తోసిరాజనలేదు.

కారణాలు ప్రయోగశాల వెలుపలే ఉన్నాయి. కొత్త రకానికి గింజలోగానీ, రుచిలోగానీ తేడా లేదు. కాబట్టి మిల్లరు అదనంగా రూపాయి ఇవ్వడు. తెగులు రాని ఏడాది రైతుకూ దాని విలువ కనిపించదు. మూలవిత్తనం నుంచి ధ్రువీకరించిన విత్తనం వరకు ప్రతి అంచెలోనూ ముందుగా గిరాకీ అంచనా వేయాలి. గిరాకీ లేదని విత్తనం పండించరు, విత్తనం దొరకదని రైతు అడగడు. ఈ విషవలయాన్ని ఛేదించే యంత్రాంగం పరిశోధన సంస్థల చేతిలో లేదు.

లెక్కలోకి రాని శ్రమ

ఈ లోపం వ్యవసాయానికే పరిమితం కాదు. సాధారణ విశ్వవిద్యాలయాల్లో పదోన్నతుల కోసం యూజీసీ 2010లో తెచ్చిన పాయింట్ల విధానం పరిశోధన పత్రాల ప్రచురణకు పెద్దపీట వేసింది. 2018లో నిబంధనలు మారినా పత్రాల ప్రాధాన్యం తగ్గలేదు. జాతీయ ర్యాంకింగుల్లో ‘ఔట్‌రీచ్’ పేరిట పది శాతం వెయిటేజీ ఉన్నా, అక్కడ లెక్కించేది ప్రధానంగా ఇతర రాష్ట్రాల విద్యార్థులు, మహిళలు, పేద విద్యార్థుల సంఖ్యనే. పరిశోధన వల్ల ఊరికి కలిగిన మేలును కాదు. ఏడాదంతా రైతుల మధ్య తిరిగిన అధ్యాపకుని కంటే గదిలో కూర్చుని రెండు పత్రాలు రాసినవారికే ముందుగా మెట్టు దక్కే పరిస్థితి ఇది.

బ్రిటన్ ఇందుకు భిన్నమైన దారి పట్టింది. అక్కడ విశ్వవిద్యాలయాల పరిశోధనను మదింపు చేసేటప్పుడు సమాజంపై దాని ప్రభావానికి 2014లో 20 శాతం, 2021లో 25 శాతం మార్కులు కేటాయించారు. నిధులు ఈ మదింపుతోనే ముడిపడి ఉండటం గమనార్హం.

అయితే ప్రభావం పేరిట తొందరపాటు కూడా తగదు. సాంబ మసూరిని రక్షించిన మూడు జన్యువుల్లో ఒకటి ఆఫ్రికాలోని అడవి వరి నుంచి వచ్చింది. దాని నిర్మాణాన్ని అమెరికా శాస్త్రవేత్తలు 1995లో వెల్లడించారు. ఆనాడు తక్షణ ప్రయోజనం చూపమని అడిగి ఉంటే ఆ పరిశోధనే సాగేది కాదు.

చేయవలసినదేమిటి?

బోధన, పరిశోధన, విస్తరణ మూడూ వ్యవసాయ విశ్వవిద్యాలయాల విధులే. ఏరువాక కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు ఇప్పటికే ఉన్నాయి. గ్రామాల్లో రైతు సేవా కేంద్రాలూ ఉన్నాయి. కొరవడింది వీటి మధ్య అనుసంధానమే. వంగడం విడుదలైన తర్వాత ఐదేళ్లపాటు దాని వ్యాప్తిని గమనించే బాధ్యతను ఒక బృందానికి అప్పగించాలి. తొలి విడత విత్తనానికి ప్రత్యేక నిధి కేటాయించాలి. రకం ఎంపిక దశలోనే రైతులతో పాటు మిల్లర్లనూ సంప్రదించాలి. క్షేత్రస్థాయి కృషికి పదోన్నతిలో మార్కులు ఇవ్వాలి.

2025 మే నెలలో కేంద్రం ప్రకటించిన జన్యు సవరణ వరి ‘కమల’ కూడా సాంబ మసూరి నుంచే రూపొందింది. దానిపై వాదోపవాదాలు ఎలా ఉన్నా, మంచిచెడ్డలు తేలవలసింది రైతు పొలంలోనే. ఈలోగా 2008 నాటి రకం ఎండాకు తెగులు సోకే ప్రాంతాలకు ఎందుకు అందలేదో సమీక్షించడం విశ్వవిద్యాలయాల, ప్రభుత్వాల తక్షణ కర్తవ్యం. లేకుంటే కొత్త రకానికీ అదే గతి పట్టే ప్రమాదముంది.