ఎంత దూరం చూడాలి?

ఇల్లు కట్టుకున్న నాటి నుండి మనిషి దానికి కాపలా ఏర్పాటు చేసుకుంటూనే ఉన్నాడు. గడియ, తాళం, ప్రహరీగోడ, వాకిట కుక్క ఇవన్నీ ఆ కాపలాకు వచ్చిన రూపాలే. ఈ వరుసలో ఇటీవల చేరినది నిఘా కెమెరా. ఒకప్పుడు బ్యాంకులకు, నగల దుకాణాలకు పరిమితమైన ఈ యంత్రం నేడు మధ్యతరగతి ఇంటి గుమ్మం వరకు వచ్చింది. పిల్లలు ఉద్యోగాల కోసం దూరదేశాలకు వెళ్లిపోగా, వృద్ధులైన తల్లిదండ్రులు మాత్రమే మిగిలిన ఇళ్లలో దాని అవసరాన్ని ఎవరూ కాదనలేరు. అయితే కెమెరా కొనేటప్పుడు మనలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న, ‘ఇది ఎంత దూరం చూస్తుంది?’ అన్నది. అడగవలసిన ప్రశ్న అది కాదనీ, ‘నేను దేనిని చూడాలి?’ అన్నదే అసలు ప్రశ్న అనీ నా అభిప్రాయం.

ఈ అభిప్రాయానికి నేను నష్టపోయిన తరువాతనే వచ్చాను. ఒంటరిగా ఉంటున్న మా పెదనాన్నగారి ఇంటికి కెమెరా పెట్టించినప్పుడు నేను కూడా ఆ మొదటి ప్రశ్నే అడిగాను. జూమ్ లెన్సు ఉన్న కెమెరాను ఎంచుకొని, దానిని పూర్తిగా దూరానికి తిప్పి, వీధి చివరి కూడలి కనిపించేటట్లు బిగింపజేశాను. అక్కడి టీ కొట్టు బోర్డు మీది అక్షరాలు తెరపై చదవగలిగినందుకు ఇద్దరం మురిసిపోయాం. కొన్నాళ్లకు ఒక రాత్రి గేటు లోపల నిలిపిన స్కూటరు పోయింది. రికార్డు తిరగవేసి చూస్తే కూడలిలో వచ్చీపోయే జనం ఉన్నారు గాని, మా గేటు ఆ దృశ్యంలో లేనే లేదు. “ఊరంతా చూసిందిరా, మన వాకిలి తప్ప” అన్నారు పెదనాన్నగారు. దూరపు కొండలు నునుపు అన్న సామెత నాకు ఆనాడు కొత్తగా అర్థమైంది.

లెన్సు పనితీరును శ్రద్ధగా తెలుసుకున్నది ఆ తరువాతనే. భౌతికశాస్త్రంలో మీరు చదివిన నాభ్యంతరమే ఇక్కడ కీలకం. కెమెరాల మీద 2.8, 4, 6, 12 మిల్లీమీటర్లు అని రాసి ఉండేది దానినే. నాభ్యంతరం తక్కువైతే లెన్సు విశాలమైన దృశ్యాన్ని చూస్తుంది. కాని అందులోని మనిషి చిన్నగా కనిపిస్తాడు. ఎక్కువైతే మనిషి పెద్దగా కనిపిస్తాడు; కాని అతని చుట్టుపక్కల ఏమి జరుగుతున్నదో తెలియదు. ఈ కొలతను మార్చుకొనే వీలు కల్పించేదే జూమ్ లెన్సు. అది విశాలతను, సామీప్యాన్ని ఒకేసారి ఇవ్వదు. ఒకటి కావాలంటే రెండవదానిని కొంత వదులుకోవలసిందే.

ఈ మాటను లెక్కతో పరీక్షించవచ్చు. ఇళ్లలో వాడే కెమెరాలలో ఒక సాధారణ రకపు సెన్సరు వెడల్పు సుమారు 4.8 మిల్లీమీటర్లు. ఈ వెడల్పును వస్తువు ఉన్న దూరంతో గుణించి, నాభ్యంతరంతో భాగిస్తే, ఆ దూరంలో ఎంత వెడల్పు దృశ్యం కనిపిస్తుందో తెలుస్తుంది. గేటు 6 మీటర్ల దూరంలో ఉన్నదనుకుందాం. 2.8 మిల్లీమీటర్ల లెన్సులో దాదాపు 10 మీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల లెన్సులో 7 మీటర్లకు పైగా, 12 మిల్లీమీటర్ల లెన్సులో రెండున్నర మీటర్ల కంటే తక్కువ వెడల్పు కనిపిస్తుంది. అపరిచితుని ముఖాన్ని నిర్ధారించడానికి ఒక్కొక్క మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు, ఎరిగిన మనిషిని పోల్చుకోవడానికి 125 పిక్సెళ్లు ఉండాలని 2014 నాటి అంతర్జాతీయ ప్రమాణం సూచించింది. అడ్డంగా 1920 పిక్సెళ్లున్న కెమెరాకు ఈ మూడు లెన్సులతో మీటరుకు వరుసగా సుమారు 187, 267, 800 పిక్సెళ్లు లభిస్తాయి. మొదటిది అపరిచితుని విషయంలో చాలదు. మూడవది ముఖాన్ని దివ్యంగా చూపుతుంది గాని, గేటు పక్కనున్న గోడ దూకినవాడిని విడిచిపెడుతుంది. ఆ ఇంటికి తగినది జూమ్ అక్కరలేని, వెల తక్కువైన 4 మిల్లీమీటర్ల లెన్సే!

‘ఎక్కువ శక్తి ఉంటే నష్టమేమిటి? కావలసినప్పుడు దగ్గరకు తెచ్చుకోవచ్చు కదా!’ అని కొందరు వాదిస్తారు. ఈ వాదంలో కొంత న్యాయం లేకపోలేదు. మామిడితోటలో 40 మీటర్ల అవతలనున్న మోటారు షెడ్డును కనిపెట్టుకోవలసిన రైతుకు పొడవైన నాభ్యంతరం అవసరమే. కొలత ముందుగా తెలియనిచోట సవరించుకోగల లెన్సు మేలే. కాని దొంగ వచ్చిన క్షణాన జూమ్‌ను తిప్పడానికి తెర ముందు ఎవరూ కూర్చుని ఉండరు. కెమెరా ఆ క్షణాన ఎలా నిలిచి ఉన్నదో అలాగే రికార్డు చేస్తుంది. తరువాత తెరపై పెద్దది చేసి చూసే డిజిటల్ జూమ్ లెన్సు చేసే పని కాదు. అది ఉన్న పిక్సెళ్లను సాగదీస్తుందే తప్ప కొత్త వివరం ఒక్కటి కూడా చేర్చదు. గోరంతను కొండంత చేయడమంటే అదే. పైగా చాలా జూమ్ లెన్సులలో దూరానికి తిప్పిన కొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది. దొంగలు ఎక్కువగా ఆశ్రయించేది చీకటినే అని మరువరాదు.

ఇంతవరకు చెప్పినది మన లాభనష్టాల మాట. ఇక పొరుగువారి మాట. మా పెదనాన్నగారి ఇంటి నుండి కూడలికి సాగిన కెమెరా చూపు దారిలో ఎదురింటి అరుగు ఉంది. సాయంకాలం అక్కడ కూర్చుని ఆకుకూర బాగుచేసుకొనే ముసలమ్మ, కెమెరా వచ్చిన వారానికే లోపలికి మారిపోయిందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అడగనివారి హక్కు హక్కు కాకుండా పోతుందా?

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ప్రకటించింది. ఒకే ఇంటిలో కలిసి ఉంటున్నవారి సమ్మతి లేకుండా వారి నివాసభాగంలో కెమెరాలు నడపడం ఆ హక్కుకు భంగమని 2025లో కలకత్తా హైకోర్టు తీర్పు చెప్పింది. అయినా ప్రతి అరుగుకూ, ప్రతి కిటికీకీ చట్టం కాపలా కాయలేదు. వ్యక్తుల సమాచార రక్షణకై 2023లో పార్లమెంటు చేసిన చట్టం కూడా, ఒక వ్యక్తి తన సొంత, గృహ అవసరాలకు వాడుకొనే సమాచారాన్ని తన పరిధి నుండి మినహాయించింది. అక్కడ మిగిలేది మన సంస్కారమే.

ఇంటి కెమెరా పుట్టుకలోనే ఈ సంస్కారానికి ఒక ఆదర్శం ఉంది. న్యూయార్క్ నగరంలో మేరీ వాన్ బ్రిట్టన్ బ్రౌన్ అనే నర్సు ఉండేది. వేళకాని వేళల్లో ఇంట్లో ఒంటరిగా ఉండవలసి రావడంతో, ఆమె భర్తతో కలిసి ఒక రక్షణ సాధనాన్ని రూపొందించింది. 1966లో దరఖాస్తు చేయగా, 1969లో వారికి పేటెంటు లభించింది. తలుపుకు వేర్వేరు ఎత్తుల్లో రంధ్రాలు. వాటి వెనుక పైకీ కిందికీ జరిగే కెమెరా. లోపలి గదిలో టెలివిజను. పొడవైనవారు వచ్చినా, పొట్టివారు వచ్చినా ముఖం కనిపించాలన్నదే ఆమె పట్టుదల. ఆ కెమెరా తన తలుపు తట్టినవారిని మాత్రమే చూసింది. దేనిని చూడాలో ఆమెకు స్పష్టంగా తెలుసు.

కనుక మీ ఇంటికి కెమెరా కొనవలసి వస్తే, దుకాణానికి వెళ్లే ముందు ఒక కొలటేపు తీసుకోండి. కెమెరా పెట్టదలచిన చోటు నుండి గేటు ఎన్ని మీటర్లో కొలవండి. ఆ దూరంలో ఎంత వెడల్పు కనిపించాలో నిర్ణయించండి. ఆ రెండు అంకెలే మీ లెన్సును ఎంచుతాయి. తరువాత ఎదురింటి అరుగు మీద ఒకసారి నిలబడి, మీ కెమెరా వైపు చూడండి. అది మిమ్మల్ని చూస్తున్నదనిపిస్తే దాని ముఖాన్ని కొంచెం కిందికి వంచండి.

మేము ఆ పని ఆలస్యంగా చేశాం. పోయిన స్కూటరు తిరిగి రాలేదు. ఇప్పుడు మా పెదనాన్నగారి కెమెరాలో గేటు, దాని రెండు పక్కలా గోడ, వచ్చినవారి ముఖం కనిపిస్తాయి. కూడలి కనిపించదు. ఎదురింటి ముసలమ్మ మాత్రం మళ్లీ సాయంకాలాలు అరుగు మీదికి వస్తున్నది.