మీటరును కాదు, బండిని చూడాలి

ఎద్దును కొనేటప్పుడు రైతు నోరు తెరిచి పళ్లు చూస్తాడు. నాలుగడుగులు నడిపించి కాలు ఈడుస్తోందేమో గమనిస్తాడు. కాడి కట్టి చూడనిదే డబ్బు తీయడు. నాగలమడక, ఘాటి సుబ్రహ్మణ్య జాతరల్లో తాతలు బేరం చేసింది ఇట్లే. అదే ఇంటి మనవడు ఇప్పుడు పాత పికప్ కొనడానికి పోతే మొదట చూసేది మీటరు. 'తొంభై వేలే తిరిగిందన్నా' అనే ఒక్క మాటకు అడ్వాన్సు చేతిలో పెట్టేస్తున్నాడు. తప్పటడుగు పడేది ఇక్కడే.

పావగడ తాలూకాలో పికప్ బండి అంటే సోకు కాదు. వాన మొహం చూసే శెనక్కాయ చేనును నమ్ముకోలేక బాడుగలకు తిప్పుకుందామని కొనే బతుకుదెరువు. తిరుమణి చుట్టుపక్కల ఐదు ఊళ్లలో సోలార్ పార్కుకు సుమారు 13 వేల ఎకరాలు కౌలుకిచ్చారు. మొదట్లో ఎకరాకు ఏడాదికి ఖరారైన కౌలు రూ.21 వేలు. ఆ లెక్కన మూడు లక్షల పాత బండి అంటే పద్నాలుగు ఎకరాల ఏడాది కౌలు. చాలామందికి అంత భూమే లేదు. ఇంట్లో బంగారం కుదువ పెట్టాల్సిందే. బండి మూలన పడితే బాడుగా ఉండదు, వడ్డీ మాత్రం ఆగదు.

తక్కువ తిరిగితే మంచిదేనా?

పదేళ్ల బండి తొంభై వేల కిలోమీటర్లే తిరిగిందంటే రోజుకు పాతిక కిలోమీటర్లు కూడా పడదు. రోజూ పాతిక కిలోమీటర్ల బాడుగతో కంతులు కట్టినవాడెవడు? మీటరు వెనక్కి తిప్పారా, లేక బండి ఏళ్ల తరబడి షెడ్డులోనే ఉందా అని అడగాలి. పెడల్ రబ్బర్లు అరిగి నున్నగా ఉండి, స్టీరింగు పైతోలు ఊడి ఉంటే మీటరు చెప్పే లెక్క నమ్మేది కాదు.

ఇంకో లెక్క చూడండి. వారానికి రెండుసార్లు 150 కిలోమీటర్ల దూరంలోని మార్కెట్టుకు పోయి వచ్చే బండి ఏడాదికి 31 వేలు, ఆరేళ్లకు లక్షా 87 వేల కిలోమీటర్లు తిరుగుతుంది. చూడ్డానికి పెద్ద అంకె. కానీ ఒకే డ్రైవరు, తారు రోడ్డు, కొలత ప్రకారం లోడు, వేళకు ఆయిల్ మార్పు ఉంటే ఆ ఇంజనుకు ఇంకా ఆయుష్షు ఉంటుంది. అరవై వేలే తిరిగినా మోయలేని బండరాళ్లు మోసిన బండి పని అయిపోయినట్టే. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ బండ్లలో చాలావాటికి పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టరు ఉంది. అది శుభ్రపడాలంటే బండి కాసేపు వేగంగా పరుగెత్తాలి. ఊరికీ చేనుకూ మధ్యే తిరిగితే మసితో మూసుకుపోతుంది. తక్కువ తిరగడమే దానికి రోగం.

కాబట్టి అడగాల్సింది ఎంత తిరిగిందని కాదు. ఎక్కడ తిరిగింది, ఏం మోసింది, ఎవరు చూసుకున్నారు అని.

పొద్దున్నే పోవాలి

బండిని చూడటానికి పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు పోవాలి. అమ్మేవాడు ముందే వేడి చేసి పెట్టి ఉంటే అనుమానించాల్సిందే. నీలం పొగ వదలకుండా వస్తే ఇంజనాయిల్ కాలుతున్నట్టు. వేడెక్కినా తెల్లపొగ తగ్గకపోతే డీజిల్ సరిగా మండటం లేదు, లేదా నీళ్లు లోపలికి పోతున్నాయి. ఆయిల్ పోసే మూత తీస్తే పొగ తన్నుకొస్తే రింగులు అరిగినట్టు. రేడియేటరు మూత మాత్రం చల్లగా ఉన్నప్పుడే తీయాలి. నీళ్ల మీద నూనె తేలిందా, ఇక బేరమే వద్దు.

ఆ తర్వాత గుడ్డ పరుచుకుని బండి కిందకు దూరాలి. చాసిస్‌కు అతుకులు, కొత్త వెల్డింగు, ఒకచోట మాత్రమే పూసిన నల్లరంగు కనిపిస్తే ఆ బండి ఓవర్‌లోడు మోసిందో, దెబ్బ తిన్నదో అయి ఉంటుంది. పైన పటారం, లోన లొటారం అన్నది ఇలాంటి బండికే సరిపోతుంది. టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో చివరి రెండూ అది తయారైన ఏడాది. ఖాళీ బండి ఎవరికైనా బాగానే నడుస్తుంది. పది మూటలు వేసి ఏదైనా మిట్ట ఎక్కించి చూడాలి. గేరు జారుతోందా, క్లచ్ పట్టుకుంటోందా అక్కడే తేలుతుంది. ఇవన్నీ తెలియకపోతే నమ్మకమైన మెకానిక్‌కు కూలి ఇచ్చి వెంట తీసుకుపోవాలి. 'తెలిసినోళ్ల బండే కదా' అని మొహమాటపడితే బండీ పోతుంది, బంధుత్వమూ పోతుంది.

ఇంజను బాగుంటే చాలదు

మూడు దిక్కులా ఆంధ్ర ఉన్న తాలూకా ఇది. హిందూపురంలోనో కళ్యాణదుర్గంలోనో చవగ్గా దొరికిందని ఆంధ్ర నంబరు బండి తెచ్చుకుంటే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ కావాలి. ఇక్కడ పన్ను కట్టి పేరు, నంబరు మార్చుకోవాలి. ఫైనాన్సు తీరినట్టు కాగితం ఉండాలి. ఆర్సీలోని ఇంజన్, చాసిస్ నంబర్లు బండి మీదవాటితో కలవాలి. ఎనిమిదేళ్లు దాటిన బాడుగ బండికి ఏటా ఎఫ్‌సీ తప్పదు. ఎఫ్‌సీ, ఇన్సూరెన్సు, అప్పు వివరాలు ఎం-పరివాహన్ యాప్‌లో నిమిషంలో కనిపిస్తాయి.

కొన్నవాడు 30 రోజుల్లో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలని చట్టం చెబుతోంది. సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు సంచిలో వేసుకుని ఏళ్లకేళ్లు తిరిగితే ముప్పు అమ్మినవాడికీ ఉంది. చేతులు మారుతూ పోయిన ఓ కారు ప్రమాదం కేసులో 2018లో సుప్రీంకోర్టు, ఆర్టీఓ రికార్డులో పేరున్న పాత యజమానే పరిహారం కట్టాలని తీర్పిచ్చింది. అందుకే 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల వ్యాపారులకు ఆర్టీఓ అనుమతి పత్రం ఉండాలన్న నిబంధన వచ్చింది. బండి అప్పగించినట్టు ఆన్‌లైన్లో నమోదైతే ఆపై బాధ్యత వ్యాపారిదే. ఆ పత్రం చూపించమని అడిగేవారు ఎందరు?

అధికారులు చేయగలిగిన పని ఒకటుంది. బ్రిటన్‌లో ఏటా జరిగే తనిఖీలో మీటరు అంకె రాసి, నంబరు కొడితే ఎవరికైనా కనిపించేలా పెట్టారు. ఇక్కడా ప్రతి ఎఫ్‌సీకీ మీటరు అంకె నమోదు చేసి అదే యాప్‌లో కొనేవాడికి చూపిస్తే, మీటరు వెనక్కి తిప్పేవాడి ఆట సగం కట్టినట్టే. దానికి పెద్ద ఖర్చేమీ కాదు.

అంతవరకు కొనేవాడి కళ్లే అతనికి కాపలా. తాత ఎద్దు పళ్లు చూసినంత ఓపికగా మనవడు బండిని చూస్తే, కుదువ పెట్టిన బంగారం మళ్లీ ఇంటికొస్తుంది.