పాత గొడ్డలి – క్రొత్త కామ

"పాత యొక రోత, క్రొత్త యొక వింత" యను సామెత మన పనిముట్ల విషయమున దినదినము రుజువగుచున్నది. కామ విరిగిన గొడ్డలి పశువుల కొట్టమున మూలబడి త్రుప్పు పట్టుచుండగా, రైతు సంతకు బోయి మెరుగు పెట్టిన క్రొత్త గొడ్డలిని కొని తెచ్చును. రెండు తుమ్మమొద్దులు చీల్చునంతలో దాని యంచు మడతపడినచో "కాలము చెడినది" యని నిట్టూర్చును. చెడినది కాలము గాదు, మన యలవాటు అని మా యభిప్రాయము.

పాత గొడ్డళ్లలో పెక్కింటికి మెత్తని యినుప దేహమునకు ముందు ఉక్కు అతికి యుండును. ఇనుము దెబ్బను సహించును. ఉక్కు వాడిని నిలుపును. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రపు ఉక్కు ఒకప్పుడు పారసీక వర్తకులను సైతము ఆకర్షించినది. అట్టి ఉక్కు ప్రతి యింటి గొడ్డలిలోను గలదని మేము చెప్పము. కాని ఉక్కు నెరిగి పనిచేయు నేర్పు మన కమ్మరులకు తరతరములుగా వచ్చినదనుట నిజము.

సంతలో పాతదానిని కొనువారు ముందుగా కామ దూర్చు కన్నమును పరీక్షింపవలయును. అచ్చట బీట యున్నచో దానిని ముట్టరాదు. పిమ్మట అంచున ఆకురాయితో నొక గీటు గీయవలయును. ఆకురాయి కొంచెము పట్టి కొంచెము జారినచో ఉక్కు మంచిది. మెత్తగా కోసికొనిపోయినచో ఉక్కు అరిగినదనియో, పదను పోయినదనియో గ్రహించి కమ్మరికి చూపవలయును. ఆతడు క్రొత్త ఉక్కు అతుకుటయో, మరల పదను పెట్టుటయో చేయగలడు.

విరిగిన కామముక్కను తీయుటకు గొడ్డలిని నిప్పులో వేయుట పలుచోట్ల కలదు. ఇంతకంటె చేటు లేదు. ఉక్కు సుమారు 300 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి నీలిరంగు తేరును. వేడి అంతకు మించిన కొలది పదను నశించును. విద్యుత్తుతో తిరుగు సానచక్రముపై పొడిగా ఒత్తిపట్టినను ఇదే నష్టము. కావున కర్రముక్కను ఉలితో తొలిచి కొట్టివేయవలయును. త్రుప్పుపట్టిన తలను ఒక రాత్రి కిరసనాయిలులో నుంచి యిటుకపొడితో తోమి, అంచును ఆకురాయితో సరిచేసి, నీళ్లు చల్లుచు సానరాతిపై నూరవలయును.

ఇక కామ మాట. ఇచ్చట మా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది. కొన్నియేండ్ల క్రిందట ఒక రైతు తన గొడ్డలి వదులైనదని చెప్పగా, రాత్రి నీళ్లలో నానవేయుమని మేమే సలహా చెప్పితిమి. ఉదయమున అది బిగిసియే యుండెను. మూడు దినములైన పిమ్మట కట్టెలు కొట్టుచుండగా తల యూడి యెగిరి, ప్రక్కన చితుకులేరుచున్న అతని కొడుకునకు మోకాలి క్రింద తగిలెను. ఎముక దక్కెను గాని నరము తెగినందున ఆ బాలుడు నాటినుండి కొంచెము కుంటుచున్నాడు. తండ్రి మమ్ము నిందింపలేదు. "అందరును చేయుపనియే గదండీ" యనెను. ఆ మాటయే మమ్ము నేటికిని బాధించుచున్నది. నానిన కర్ర ఉబ్బి, ఇనుపకన్నములో నలిగి, ఎండినపుడు మునుపటికంటె సన్నబడును. ఇది తెలిసికొన్న పిమ్మటనే మేము సలహా చెప్పవలసి యుండెను.

కామకు చిరుమాను శ్రేష్ఠము. తడ, నల్లతుమ్మయు మంచివే. పచ్చికర్ర పనికిరాదు, ఏడాదిపాటు నీడలో ఆరవలయును. కర్రలోని పోగులు ఈ కొసనుండి ఆ కొసవరకు నిడువుగా సాగవలయును. పోగు అడ్డముగా తెగిన చోటనే కామ విరుగును గనుక, రంపముతో కోసినదానికంటె చీల్చిన కర్ర మేలు. కన్నము పైవైపు వెడల్పుగా నుండు గొడ్డలికి కామను క్రిందినుండి దూర్చి, తల క్రిందుగా వ్రేలాడునట్లు పట్టుకొని, కామ వెనుకటి కొసను కొయ్యసుత్తితో కొట్టిన, తల తానే కామపై బిగియును. పైకొసను చీల్చి ఎండిన గట్టికొయ్య చీలను దిగగొట్టవలయును. ఇనుపమేకులు కొట్టిన కర్ర పగులును. తుదకు గాజుపెంకుతో గీకి, అవిసెనూనె రెండు మూడు పూతలు పట్టింపవలయును.

ఇంత శ్రమ యొక్కొక్క రైతు పడనేల యందురా? అందులకే గదా సంఘము! ఎరువులు, విత్తనములు తెచ్చియిచ్చు సంఘము ఏటేట 20 కామలకు తగిన కర్ర చీల్చించి తన గోదాములో ఆరబెట్టరాదా? ఒక ఆకురాయి, ఒక సానరాయి సభ్యులందరి వాడుకకు ఉంచరాదా? పూర్వము కమ్మరికి కళ్లములో మేర గొలిచెడివారు. ఆ మేర పోయినది. పెక్కు గ్రామములలో కొలిమియు చల్లారినది. మిగిలిన కమ్మరితో సంఘము ఏడాదికొక ఒప్పందము చేసికొన్నచో ఆతనికి పని, మనకు పనిముట్టు నిలుచును.

క్రొత్త గొడ్డలి చౌకయనువారు మూడేండ్లలో నెన్ని కొనిరో లెక్క చూచుకొందురు గాక. పంచాయతుదారులు రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు తేవలయునని మా ప్రార్థన. అంతవరకు సభ్యులు నేటి సాయంకాలమే తమ గొడ్డలి తలను చేతితో కదల్చి చూడుడు. కదలినచో, కామ మార్చువరకు దానిని పిల్లలున్న చోట ఎత్తకుడు.