ఎనిమిది కాళ్ల చిప్పుకు ఒక నకలు

పోయిన వేసవిలో మా డెస్క్‌టాప్‌కు బయోస్ (కంప్యూటర్‌ను లేపే తొలి ప్రోగ్రామ్) అప్‌డేట్ పెట్టి టీ కాచుకుందామని వంటింట్లోకి వెళ్లాను. సగంలో కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఏడాదిగా ఉబ్బి ఉంది, మార్చకపోవడం నా తప్పే. కరెంటు వచ్చాక ఫ్యాను తిరిగింది, లైటు వెలిగింది, తెర మీద మాత్రం ఏమీ రాలేదు. సర్వీసు సెంటరు కుర్రాడు మూత తీసీ తీయకుండానే తేల్చేశాడు: "మదర్‌బోర్డు పోయిందండీ, మార్చాలి." అతను చెప్పిన ధర మీద ఇంకాస్త వేసుకుంటే కొత్త కంప్యూటరే వస్తుంది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీకి మోసుకెళ్లాను. అక్కడి మెకానిక్ అడిగిన మొదటి మాట, "పాత డంప్ ఉందా సార్?" డంప్ అంటే బయోస్ ఉండే చిప్పులోని సరుకంతా ఉన్నదున్నట్టు తీసిన నకలు. లేదన్నాను. కంపెనీ సైటులోని ఫైలును సవరించి ఎక్కించాడు. యంత్రం లేచింది గానీ సీరియల్ నెంబరు గల్లంతు. విండోస్ లైసెన్సు లేదని మొరాయించింది.

కంపెనీ ఇచ్చే ఫైలు అందరికీ ఒకటే. మన చిప్పులో మాత్రం సీరియల్ నెంబరూ, చాలా బ్రాండెడ్ యంత్రాల్లో విండోస్ కీ కూడా ఉంటాయి. అవి మన యంత్రానికే ప్రత్యేకం, కంపెనీ ఫైలులో దొరకవు. అందుకే ఈ డంప్‌ను ఇంటర్నెట్‌లో ఎవరికీ ఇవ్వకూడదు కూడా.

1999 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అనే కంప్యూటర్ వైరస్ విరుచుకుపడినప్పుడూ ఇదే కథ. అది కొన్ని రకాల బోర్డుల మీద బయోస్‌ను చెరిపేసింది. పాడైంది చిప్పులోని రాతే. బోర్డుకు ఏమీ కాలేదు. పాతికేళ్లు దాటినా "బోర్డు మార్చాలి" అనే మాట మారలేదు.

డంప్ తీయడానికి కావలసిన సామాను కొన్ని వందల రూపాయలకే వస్తుంది: చిప్పును చదివి రాసే సీహెచ్341ఏ ప్రోగ్రామరు, దానికో క్లిప్పు. కంప్యూటర్ ప్లగ్ పీకి, ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ కూడా విప్పి, ఎనిమిది కాళ్ల ఆ చిప్పును వెతకాలి. దాని మీద 25క్యూ64 అని ఉంటే 8 మెగాబైట్లది. చుక్క ఉన్న మూల ఒకటో కాలు, క్లిప్పులో ఎర్ర తీగ అటు రావాలి. చౌకగా దొరికే నల్ల ప్రోగ్రామర్లలో చాలావాటికి ఒక తెగులుంది: చిప్పుకు 3.3 వోల్టులే ఇస్తున్నా, డేటా తీగల్లో 5 వోల్టులు వస్తాయి. మల్టీమీటరుతో కొలవకుండా వాడకండి. కొన్ని కొత్త చిప్పులు 1.8 వోల్టులవి, వాటికి వేరే అడాప్టరు కావాలి. ఫ్లాష్‌రామ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో రెండుసార్లు చదివించి, రెండు ఫైళ్లూ అచ్చు ఒకేలా ఉన్నాయో లేదో పోల్చండి. తేడా వస్తే చాలావరకు క్లిప్పు సరిగా కూర్చోలేదన్నమాట. ఆ ఫైళ్లు పనికిరావు. తిరిగి ఎక్కించేటప్పుడూ ఇదే దారి.



అసలు ఇదంతా మనం చేసుకోవలసిన పనేనా? గిగాబైట్ కంపెనీ డ్యూయల్ బయోస్ పేరుతో తన చాలా బోర్డుల మీద రెండో చిప్పు పెట్టి చూపించింది. అది ఖరీదనుకునే కంపెనీలు కనీసం అప్‌డేట్‌కు ముందు "పాతది పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి" అనే బటన్ అయినా ఇవ్వాలి. ఇవ్వని కంపెనీలు వినియోగదారుడి మీద బోర్డు ధర రుద్దుతున్నట్టే లెక్క.

ఆ బటన్ వచ్చేదాకా, క్లిప్పు పట్టే ఓపిక లేకపోతే, మీ ఊళ్లో చిప్‌లెవెల్ రిపేరు చేసే షాపులో కంప్యూటర్ బాగున్నప్పుడే డంప్ తీయించుకోండి. పెన్‌డ్రైవ్ మీద మోడల్ పేరు రాసి బీరువాలో పెట్టండి. ఆ కంప్యూటర్‌లోనే మాత్రం దాచకండి.