తీరానికీ పంటుకూ నడుమ

గత సంచికలో, ఒక గణక యంత్రం నుండి మరొక గణక యంత్రానికి సమాచారం ఏ విధంగా చేరుతుందో స్థూలంగా వివరించాము. అది చదివిన ఒక సహోద్యోగి సతీమణి మమ్మల్ని సంత్రాగాఛి బజారులో నిలిపి, "అన్నయ్యగారూ, ఈ ప్రోగ్రాములు ఒకసారి రాసి పెడితే సరిపోదా? ఇనుమా తుప్పు పట్టడానికి, చెక్కా చెదలు పట్టడానికి? మళ్ళీ వీటికి ఏటేటా మరమ్మతులేమిటి?" అని ప్రశ్నించారు. చేతిలో కూరల సంచి ఉన్నందువలన అప్పటికేదో చెప్పి తప్పించుకున్నాము గాని, ఆ ప్రశ్న మమ్మల్ని విడువలేదు. అటువంటి విషయంలో ఒకసారి మేమే స్వయంగా చిక్కుల్లో పడి ఉన్నాము.

2021వ సంవత్సరం సంగతి. కరోనా కారణంగా దసరా ఉత్సవాలకు ఇంటింటికీ తిరిగి చందాలు వసూలు చేసే వీలు లేకపోయింది. హౌరాలోని మా తెలుగువారి చిన్న సంఘానికి అంతకు కొన్నేళ్ళ క్రితమే మా సహోద్యోగి కుమారుడొకడు ఒక వెబ్‌సైటు తయారు చేసి ఇచ్చాడు. చందా అందగానే దాత ఫోనుకు రసీదు సందేశం వెళ్ళే ఏర్పాటు అందులో ఉంది. సెప్టెంబరు 30వ తేదీ రాత్రి నుండి ఆ సందేశాలు హఠాత్తుగా ఆగిపోయాయి. "డబ్బు పంపాము, రసీదు ఏదీ?" అని దాతలు నిలదీయసాగారు. కోశాధికారి గారికి రక్తపుపోటు పెరిగింది. కుర్రవాడు అప్పటికే ఉద్యోగరీత్యా బెంగుళూరు వెళ్ళిపోయాడు, ఫోనులో దొరకలేదు. సంఘంలో కంప్యూటరు తెలిసినవారమని పేరు మోస్తున్నందున భారం మా మీద పడింది. ఒక మిత్రుడు చెప్పిన చిట్కా ప్రకారం మా చేతులతోనే ప్రోగ్రాములో రెండు వరుసలు మార్చాము. వెంటనే సందేశాలు వెళ్ళసాగాయి. అందరూ మమ్మల్ని అభినందించారు. ఆ రెండు వరుసల అర్థమేమిటో మాకు తెలిసేసరికి ఏడాదిన్నర గడచింది.

అది విశదం కావాలంటే కొంత వెనుకకు వెళ్ళాలి.

వెబ్‌సైట్లలో పెక్కింటిని పీహెచ్‌పీ అనే స్క్రిప్టు భాషలో రాస్తారు. 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ దీనిని లోకానికి అందించారు. వెబ్ పుటలను కూర్చడంలో ఈ భాషది అందె వేసిన చెయ్యి. అయితే మరొక సర్వరు వద్దకు వెళ్ళి సమాచారం ఇచ్చి పుచ్చుకునే పనికి ఇది ఎక్కువగా వేరొకరి సాయం తీసుకుంటుంది. ఆ సహాయకుని పేరు కర్ల్. 1996లో స్వీడన్ దేశస్థుడు డేనియల్ స్టెన్‌బర్గ్‌కు, విదేశీ మారకపు రేట్లను ఇంటర్నెట్టు నుండి తెచ్చిపెట్టే ఒక చిన్న సాధనం కావలసి వచ్చింది. బ్రెజిల్‌కు చెందిన రఫాయెల్ సగూలా రాసిన చిట్టి ప్రోగ్రాము ఒకటి దొరికితే, దానినే పెంచుతూ పోయారు. పేరు రెండుసార్లు మారి, 1998 మార్చి 20న అది కర్ల్ అయింది. 2000లో దానికి, ఇతర ప్రోగ్రాములు తమలో కలుపుకోదగిన లైబ్రరీ రూపం వచ్చింది. అదే ఏడాది స్టెర్లింగ్ హ్యూస్ దానిని పీహెచ్‌పీకి జతపరిచే ఎక్స్‌టెన్షన్ రాశారు. ఈ నెల మన కథానాయకుడు ఆ ఎక్స్‌టెన్షనే.

హౌరా స్టేషను ఎదుట లాంచీ ఎక్కినవారికి ఎక్స్‌టెన్షన్ అంటే ఏమిటో సులభంగా చెప్పవచ్చు. లాంచీ ఆగేది నీటిపై తేలే పంటు పక్కన. గోదావరి జిల్లాల నుండి వచ్చినవారికి ఆ మాట కొత్త కాదు. హుగ్లీలో పోటు వచ్చినపుడు పంటు పైకి లేస్తుంది, పాటులో కిందికి దిగుతుంది. మనం టికెట్టు కొన్న తీరం మాత్రం కదలదు. ఈ రెంటినీ కలిపేది కీలు మీద నిలిచిన నడకవంతెన. దాని ఒక కొస తీరాన్ని పట్టుకుని ఉంటుంది, రెండవ కొస పంటుతో పాటు లేస్తూ దిగుతూ ఉంటుంది. ఒక పూట చదునుగా నడిచిపోతాము, మరొక పూట దిగుడుగా ఉంటుంది, లాంచీ మాత్రం అందుతుంది. పీహెచ్‌పీలో రాసిన అసంఖ్యాకమైన ప్రోగ్రాములు తీరమనుకుంటే, కర్ల్ లైబ్రరీ పంటు. ఎక్స్‌టెన్షన్ ఆ నడకవంతెన.

పంటు ఎందుకు కదులుతుందంటే, కింద ఇంటర్నెట్టు కదులుతున్నది గనుక. కొత్త పద్ధతులు వస్తాయి, కొత్త తాళాలు వస్తాయి, వాటి వెంట కొత్త దొంగలూ వస్తారు. కర్ల్ లైబ్రరీలో అమర్చుకోదగిన ఆప్షన్లు నేడు మూడు వందలకు పైబడ్డాయి. కొత్తది వచ్చినపుడల్లా ఎక్స్‌టెన్షన్‌లో దానికొక పేరు చేర్చాలి. అంతకంటె పాత లైబ్రరీ ఉన్న సర్వర్ల మీద ఆ భాగం అడ్డు తగలకుండా కట్టడి చేయాలి. పాత సర్వర్లంటే ఎంత పాతవో చూడండి. 2020లో వచ్చిన పీహెచ్‌పీ 8.0 సైతం 2013 నాటి కర్ల్ 7.29.0తో సర్దుకుపోయింది. 2024లో వచ్చిన 8.4 మాత్రమే ఆ కనీస అర్హతను 2018 నాటి 7.61.0కు పెంచింది.

ఇక మా రెండు వరుసల విషయం. మన ప్రోగ్రాము భద్రమైన మార్గంలో ఒక సర్వరును పిలిచినపుడు, అది తన ధ్రువీకరణ పత్రాన్ని చూపుతుంది. కర్ల్ అపుడు రెండు పరీక్షలు చేస్తుంది. పత్రంపై సంతకం చేసినవారు నమ్మదగినవారేనా అన్నది మొదటిది. పత్రంలోని పేరు, మనం పిలిచిన పేరు ఒకటేనా అన్నది రెండవది. మన ఆఫీసు గేటు వద్ద కాపలాదారు గుర్తింపు కార్డు మీద ముద్ర చూసి, పిదప పేరు చూసినట్లే. మొదటి పరీక్షకు ఔను, కాదు అనే రెండే అమరికలు. రెండవ దానికి మాత్రం పూర్వం మూడు అంకెలు ఉండేవి. సున్న అంటే పరీక్ష వద్దు. రెండు అంటే పేరు సరిచూడు. ఒకటి అంటే, పత్రంలో ఏదో ఒక పేరున్నదో లేదో మాత్రం చూడు, అది ఎవరిదైనా సరే! అటువంటి కాపలాదారుకు జీతం దండుగ.

పీహెచ్‌పీ రాసేవారికి అంకెల కంటె ట్రూ, ఫాల్స్ అనే మాటలు అలవాటు. పరీక్ష జరగాలి గదా అని శ్రద్ధగా ట్రూ అని రాసేవారు. పీహెచ్‌పీలో ట్రూను అంకెగా మారిస్తే ఒకటి! అసలేమీ రాయక వదిలివేస్తే కర్ల్ తనంతట తాను రెండునే పాటించేది. అంటే, జాగ్రత్త కొరకు ఒక వరుస అదనంగా రాసినవాడే తలుపు తెరిచి పెట్టినవాడయ్యాడు. 2012లో టెక్సాస్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఈ పొరపాటు డబ్బు చెల్లింపులకు సంబంధించిన ప్రోగ్రాములలో సైతం ఉన్నట్లు బయటపెట్టారు. ఆ ఏడాది నవంబరులో వచ్చిన కర్ల్ 7.28.1, ఒకటి అనే విలువను ఇక అంగీకరించనన్నది.

ఇపుడు నడకవంతెనను చూసుకునేవారి అవస్థ ఊహించండి. పంటు కదిలింది. తీరాన లెక్కలేనన్ని ప్రోగ్రాములు ట్రూ అని రాసుకుని కూర్చున్నాయి. వాటిని రాసినవారు ఉద్యోగాలు మారారు, ఊళ్ళు మారారు. అందరికీ ఉత్తరాలు రాయడం అయ్యే పని కాదు. అందువలన ఎక్స్‌టెన్షన్‌లో కొద్ది వరుసలు చేర్చారు. పైనుండి ఒకటి అని వస్తే, ఈ విలువ ఇక చెల్లదు, దీని బదులు రెండు వాడబడుతుంది అని హెచ్చరించి, కిందికి రెండునే పంపడం వాటి పని. పాత ప్రోగ్రాము ఆగలేదు, తలుపు మాత్రం మూతపడింది. ఇన్ని తక్కువ మాటలతో ఇంత పని చేసిన సర్క్యులరును మా ఉద్యోగ జీవితంలో మేము చూడలేదు.

అన్ని మార్పులూ ఇంత సాఫీగా సాగవు. పూర్వం ఒక ఫైలును పంపాలంటే దాని పేరు ముందు 'ఎట్' గుర్తు పెడితే చాలు. ఒక పెంకి సందర్శకుడు తన పేరు రాయవలసిన గడిలో ఆ గుర్తు పెట్టి, సర్వరులోని రహస్యపు ఫైలు పేరు రాస్తే, ఆ ఫైలు పరుల పాలయ్యే ప్రమాదముండేది. 2013లో పీహెచ్‌పీ 5.5 వేరొక పద్ధతిని ఏర్పరచి, పాతదానిని వదలండని చెప్పింది. 2014లో 5.6 పాతదానికి తాళం వేసి, తప్పనిసరైనవారు తెరుచుకోవచ్చునన్నది. 2015 చివర 7.0 ఆ తాళంచెవిని కూడ తీసుకున్నది. ఇంత గడువు ఇచ్చినా, ఫైళ్ళు వెళ్ళడం లేదని అప్పుడు మేల్కొన్నవారున్నారు. పదవీ విరమణ తేదీ ముప్ఫై ఏళ్ళ ముందు నుండి తెలిసి కూడ, పెన్షను కాగితాలను చివరి వారంలో వెదికే మనం వారిని చూసి నవ్వరాదు. కర్ల్‌తో పని ముగిశాక మూసివేయమని చెప్పే ఆజ్ఞ కూడ 8.0తో నిరర్థకమై, 2025లో వచ్చిన 8.5తో వదలదగిన జాబితాలో చేరింది.

ఈ పని చేసేవారికి దక్కే పేరు స్వల్పం. స్టెన్‌బర్గ్‌కు 2017లో స్వీడన్‌లో పోల్‌హెమ్ పురస్కారం లభించిన మాట నిజమే. పీహెచ్‌పీని చూసుకునేవారికి వేతనమివ్వాలని 2021 నవంబరులో పీహెచ్‌పీ ఫౌండేషన్ ఏర్పడిన మాటా నిజమే. కాని ఒకటికి బదులు రెండును పంపిన ఆ వరుసలు ఎవరివని వాడుకరులలో ఎవరూ అడగరు.

బజారులో సోదరి అడిగిన తుప్పు ప్రసక్తికి వస్తే, మా హౌరా వంతెన ఉన్నది గదా. 1943లో తెరిచిన ఆ మహా నిర్మాణాన్ని 2010 ప్రాంతంలో పరిశీలించిన ఇంజనీర్లను కలవరపెట్టినది లారీల బరువు కాదు, పాదచారులు ఉమ్మిన కిళ్లీ రసం. వేలాడే ఉక్కు కడ్డీల మొదళ్ళకు రక్షణగా ఉన్న ఆరు మిల్లీమీటర్ల తొడుగులు, మూడేళ్ళలో మూడు మిల్లీమీటర్ల లోపునకు అరిగిపోయాయి. పిదప వాటికి ఫైబర్‌గ్లాస్ తొడుగులు వేశారు. ఉమ్మిన ప్రతివాడూ, నా ఒక్కడి వలన ఏమవుతుందిలే అనుకునే ఉంటాడు.

మేమూ అట్లే అనుకున్నాము. 2021 సెప్టెంబరు 30న, ఇంటర్నెట్టులో విస్తారంగా వాడుకలో ఉన్న ఒక మూల ధ్రువీకరణ పత్రం గడువు తీరింది. దాని స్థానంలో వచ్చిన కొత్తదానిని ఎరుగని పాత సర్వర్లలో మాది ఒకటి. అందువలన మొదటి పరీక్ష తప్పింది, కర్ల్ తన ధర్మం ప్రకారం సందేశాన్ని ఆపింది. మేము మార్చిన రెండు వరుసలు రెండు పరీక్షలనూ రద్దు చేశాయి. ఎక్స్‌టెన్షన్ ఒకటిని రెండుగా దిద్దగలదు గాని, సున్న అని స్పష్టంగా ఆజ్ఞాపించినవానిని ఏమి చేయగలదు? దాతల పేర్లు, ఫోను నంబర్లు, చందా మొత్తాలు, సందేశాలు పంపే సంస్థలో మా ఖాతా రహస్య పదం, అన్నీ ఆ నాటి నుండి ఎవరు బదులు పలికితే వారి చేతికి చేరేట్లు వెళ్ళాయి.

2023 ఉగాదికి కుర్రవాడు సెలవు మీద వచ్చి, ప్రోగ్రాము తెరిచి చూసి, "అంకుల్, ఈ ఫాల్స్ రెండూ ఎవరు పెట్టారు?" అని అడిగాడు. మేము కొంతసేపు పచ్చడి రుచిని గూర్చి మాట్లాడి, పిదప ఒప్పుకున్నాము. వాడు ఏమీ అనలేదు. నమ్మదగిన సంతకందారుల జాబితాను కొత్తది తెచ్చి పెట్టాడు. ఆ రెండు వరుసలను తుడిచివేశాడు. ఖాతా రహస్య పదాన్ని మార్పించాడు. అంతా కలిపి అరగంట పని. కోశాధికారి గారు తమ పేర నూట పదహారు రూపాయలు కట్టి ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నారు. నిమిషంలో రసీదు వచ్చింది.