బర్రెకు నీళ్లేవి?

పాలు పల్చగా ఉన్నాయని నిన్న కూడా పాలు పోసే ఆమెను కసిరారు కదా?

నీళ్లు కలిపావా అని నిలదీశారు కదా?

ఆమె బర్రెకు తాగడానికి నీళ్లు దొరికాయో లేదో ఏనాడైనా అడిగారా?

మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం, కనిగిరి. ఎండలు ముదిరితే బిందెలు వరసపెట్టి ట్యాంకరు కోసం కాపు కాసే ఊళ్లు. పాలిచ్చే బర్రెకు రోజుకు 60 లీటర్లకు పైనే నీళ్లు కావాలి. పాలలో నూటికి 80 వంతులకు పైగా ఉండేది నీళ్లే. తాగని నీళ్లు పొదుగులోకి ఎక్కడినుంచి వస్తాయి? ట్యాంకరు లెక్కలో గొడ్డుకు ఎన్ని బిందెలు రాశారు?

బోరు ఉంది కదా అంటారా? లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ ఫ్లోరైడ్ నీళ్లు మనిషి తాగకూడదు. ఇక్కడ ఆ హద్దు దాటిన బోర్లు ఎన్నో. మనం క్యాన్ నీళ్లు కొనుక్కున్నాం. బర్రెకు అదే బోరు, అదే తొట్టి. పళ్లు గారపట్టి అరిగిపోతే మేత ఎలా నములుతుంది? కీళ్లు బిగుసుకుపోతే ఎలా లేస్తుంది?

పొదుగువాపు వచ్చిన బర్రె దగ్గర ఎప్పుడైనా కూర్చున్నారా? పొదుగు ఒక పక్క రాయిలా గట్టిపడి ఉంటుంది. చేయి పెడితే కాలిపోతుంటుంది. వేలు తగలగానే బర్రె కాలు విదిలిస్తుంది. చన్ను పిండితే విరిగిన ముక్కలు, పసుపు నీళ్లు, ఒక్కోసారి నెత్తురు చార. వైద్యం ఆలస్యమైతే ఆ చన్ను ఇక పాలకు రాదు.

నాలుగు చన్నుల్లో ఒకటి పోయిందంటే, ఆ ఇంట్లో నెల సరుకులు తగ్గాయని అర్థం.

తొలిరోజే మందు పడితే చాలావరకు కుదిరే జబ్బు ఇది! పట్టించుకున్నదెవరు?

ఈ ఊళ్లకు నీళ్లివ్వాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేసి, 2024 మార్చిలో జంట సొరంగాలను జాతికి అంకితం చేశామని చప్పట్లు కొట్టించుకుని, నీళ్లు మాత్రం పొలం గట్టుదాకా కూడా తేలేక, చెరువులు పూడిపోతుంటే చూస్తూ కూర్చుని, కరువొస్తే వరిగడ్డిని బంగారం ధరకు ఎక్కించి, మేత కొనలేని రైతు పాడి బర్రెను సంతకు తోలి కోతకు అమ్ముకుంటే బేరం బాగా కుదిరిందని నవ్వి, దూడ చచ్చిన తల్లికి చేపు రాకపోతే ఆక్సిటోసిన్ సూది పొడిచి పిండుకోవడాన్ని, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 12వ సెక్షన్ నేరమని చెప్పినా, మామూలే అనుకుని, చివరికి వెన్న శాతం తగ్గిందని ధర కోసి రైతు చేతిలో చీటీ పెట్టాం!

ఇంత జరుగుతుంటే మన టీ చల్లారలేదు.

సిగ్గనిపించడం లేదా?

వర్షం లేదు, ఏం చేస్తాం అంటారు. వర్షం లేకపోవడం ప్రకృతి. ముప్పై ఏళ్లు దాటుతున్నా కాలువలో నీళ్లు లేకపోవడం కూడా ప్రకృతేనా? పొదుగు వాచిన బర్రె దగ్గరికి డాక్టరు రాకపోవడం కూడా ప్రకృతేనా?

మీ వీధిలో పాడి గొడ్డు ఉంటే వెళ్లి తొట్టిలో ఏముందో చూడండి. పొదుగు వాచిందని తెలిస్తే 1962 నంబరుకు ఫోన్ చేయండి. సంచార పశువైద్య వాహనం రాకపోతే ఎందుకు రాలేదో కాగితం మీద రాసి అడగండి. ఈసారి ఓటడగడానికి వచ్చినవాణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి, వెలిగొండ నీళ్లు ఏ తేదీకి వస్తాయో చెప్పించుకోండి.