కత్తి పట్టే చేతికి నిద్ర హక్కు లేదా?

ఎనిమిది గంటల పనిదినం కోసం శ్రామికులు రక్తం ధారపోశారు. ఆస్పత్రి గోడలు దాటి ఆ హక్కు లోపలికి రాలేదు. సర్జరీ, ప్రసూతి విభాగాల్లో పీజీ చేస్తున్న డాక్టర్లు 24 గంటలు, 36 గంటలు ఏకబిగిన డ్యూటీ చేయడం మామూలైపోయింది. ఇదేమని అడిగితే ‘మేమూ ఇలాగే నేర్చుకున్నాం’ అంటారు సీనియర్లు. కోడలికి అత్త చెప్పే జవాబు కూడా ఇదే కదా!

నిబంధన లేక కాదు. 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ ఆదేశాలు వారానికి 48 గంటలు, ఒక విడతకు 12 గంటలు అన్నాయి. ‘సాధారణంగా’ అన్న ఒక్క మాటతో అది నీరుగారింది. జాతీయ వైద్య కమిషన్ 2023 నిబంధనలు ‘సమంజసమైన పనిగంటలు’ అని ఊరుకున్నాయి. సమంజసమెంతో తేల్చేదెవరు? 2024లో ఆ కమిషన్ వేసిన కార్యదళమే వారానికి 74 గంటలు మించరాదని సిఫార్సు చేసింది.

గంటలు తగ్గిస్తే చెయ్యి తిరగదనీ, డాక్టర్లు మారుతుంటే రోగికి నష్టమనీ చేసే వాదనను నేను కొట్టిపారేయను. ఆపరేషన్ పుస్తకాలు చదివితే వచ్చేది కాదు. అమెరికాలో 117 సర్జరీ శిక్షణా కార్యక్రమాలపై జరిగి 2016లో వెలువడిన అధ్యయనం, షిఫ్టు నిబంధనలు సడలించినా రోగుల మరణాలు, తీవ్ర సమస్యలు పెరగలేదని తేల్చింది. కానీ అక్కడ రెండు పక్షాలకూ వారానికి సగటున 80 గంటల పరిమితి ఉంది. పరిమితే అమలుకాని మన ఆస్పత్రులకు ఆ అధ్యయనాన్ని సాక్ష్యంగా తేవడం అన్యాయం. న్యూయార్క్‌లో ఆ పరిమితి 1989లో వచ్చింది. దాని వెనుక 1984లో అక్కడి ఆస్పత్రిలో చనిపోయిన 18 ఏళ్ల లిబ్బీ జయాన్ ఉంది.

2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆస్పత్రిలో అత్యాచారానికి, హత్యకు గురైన ట్రెయినీ డాక్టర్ సుదీర్ఘ డ్యూటీ మధ్య సెమినార్ హాల్లో నడుం వాల్చింది. తర్వాత పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం, వీలైనంతవరకు స్త్రీలకు రాత్రి డ్యూటీ తప్పించమంది. సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది. స్త్రీలు అడిగింది పని తప్పించమని కాదు, పనికి హద్దు గీయమని.

బల్ల మీద పడుకున్న పేద స్త్రీ హక్కూ, కత్తి పట్టిన స్త్రీ హక్కూ వేరువేరు కావు. పనిగంటలను చట్టంలో అంకెల్లో రాయాలి. ఖాళీ పోస్టులు నింపాలి. డ్యూటీ మారేటప్పుడు రోగి వివరాలు రాతపూర్వకంగా అప్పగించాలి. నర్సులకూ, ఆయాలకూ ఇదే వర్తించాలి. జూడాల సమ్మె జరిగినప్పుడు రోగుల పక్షమా, డాక్టర్ల పక్షమా అని మనల్ని నిలదీస్తారు. ఆస్పత్రి అభివృద్ధి సంఘాల సమావేశాల్లో డ్యూటీ చార్టు చూపించమని మనమే ముందుగా నిలదీద్దాం.